ఇతర కారణాలు

ఫిబ్రవరి 3

ఫోన్లు మొదలుపెట్టాం. క్యాన్సర్ వైద్యం పూర్తయి, ఇళ్లకు వెళ్లిపోయి, ఆ తర్వాత చెకప్‌లకు రావడం మానేసినవాళ్లకు ఫోన్ చేసి ఎందుకు రావడం లేదని అడగాలి. ఈ ఏడాది మా పరిశోధన అంతా ఇదే. ఆస్పత్రులు మాకు పేర్లు ఇవ్వవు, నంబర్లే ఇస్తాయి. ఎవరి గుట్టు వాళ్లది.

ప్రశ్నలు రాసింది నేనే. ఆఖరి ప్రశ్న: మీరు చెకప్‌కు రాకపోవడానికి కారణం ఏమిటి? దాని కింద గడులు. దూరం, ఖర్చు, తీరిక లేకపోవడం, మరచిపోవడం, ఒంట్లో బాగానే ఉండటం, భయం. అన్నిటికంటే అడుగున ఇతర కారణాలు. ఆ ప్రశ్న అడిగాక మావాళ్లు నోరు మెదపకూడదు. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకోవాలి. సలహా ఇవ్వకూడదు, ధైర్యం చెప్పకూడదు, అవతలివాళ్లు పెట్టేయకుండా ఫోన్ పెట్టకూడదు. మనం ఊరుకుంటేనే అవతలి మనిషి మాట్లాడతారు. ఈ నియమాలు కూడా నేనే రాశాను. బాగున్నాయని మా డైరెక్టరు మెచ్చుకున్నారు.

రెండేళ్ల కిందట నేనూ ఆ మంచం మీద ఉన్నదాన్నే కాబట్టి ఇవన్నీ నాకు తెలుసని ఆఫీసులో అందరి నమ్మకం. తెలియకేం. ఇవాళ బస్సులో సీటు దొరకలేదు. ఆఫీసు దాకా నిలబడే వచ్చాను. ఒకప్పుడు పళ్లు తోముకోవడానికి నిలబడలేకపోయిన మనిషిని. ఎవరికి దండం పెట్టాలో తెలియక బస్సు కడ్డీనే గట్టిగా పట్టుకున్నాను.

ఫిబ్రవరి 4

నా చెకప్ అక్టోబర్‌లో ఉండాల్సింది. ఈ ఫోన్ల పని ఒక కొలిక్కి రాగానే వెళ్లాలి.

ఫిబ్రవరి 9

ఆదివారం. రైలు వదిన ఫోన్ చేసింది.

వదిన మా ఆయనకు అక్క. రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని వచ్చే రైళ్ల సంగతీ పోయే రైళ్ల సంగతీ చెప్పే ఉద్యోగం చేసి రిటైరయింది. ఉద్యోగం పోయింది గానీ మైకు పోలేదు. నాకు వైద్యం జరిగిన ఎనిమిది నెలలూ తన ఇంటికి తాళం వేసుకుని వచ్చి మా ఇంట్లోనే ఉంది. "దయచేసి వినండి. మధ్యాహ్నపు మాత్ర మరి కొద్దిసేపట్లో మంచం వద్దకు వచ్చుచున్నది" అనేది. గోడ అవతల పక్కింటావిడకు కూడా వినిపించేది. ఆవిడ మాత్రలు వేసుకునే వేళ కూడా అదేనట, మా ఇంటి ప్రకటన విని వేసుకునేదట.

"చెకప్‌లు సరిగ్గా నడుస్తున్నాయా?" అని అడిగింది ఇవాళ.

"నడుస్తున్నాయి వదినా."

"ఆలస్యం లేకుండా?"

"లేకుండా."

"మరి గొంతేంటి, కింద పడేసుకున్నావు?"

జలుబు అన్నాను. కషాయం ఎలా కాచుకోవాలో చెప్పింది. రెండుసార్లు చెప్పింది, రైలు నంబరు చెప్పినట్టు.

ఆ ఎనిమిది నెలల్లో వదిన మోసిన బకెట్లు, ఉతికిన దుప్పట్లు ఇన్నీ అన్నీ కావు. అప్పుడు పట్టేసిన నడుము ఇప్పటికీ వదల్లేదు ఆమెకు. కింద పడ్డ చెంచా తీయాలంటే కుర్చీ పట్టుకుని వంగుతుంది. కన్నతల్లి కూడా అంత చేయదు. ఎన్ని జన్మలెత్తినా తీర్చుకోలేను.

ఫిబ్రవరి 14

ఒక బస్సు డ్రైవరు. పెద్ద పేగుకు ఆపరేషన్ అయి మూడేళ్లు. రెండు చెకప్‌లకు వెళ్లి మానేశాడు.

"ఒంట్లో దుక్కలా ఉన్నాను మేడం. బండి నడుపుతున్నాను. ఇంకెందుకు?" అన్నాడు.

ఒంట్లో బాగానే ఉండటం. గడి దొరికింది. కానీ నియమం ప్రకారం ఊరుకున్నాను. పన్నెండో పదమూడో లెక్కపెట్టేసరికి మళ్లీ మాట్లాడాడు.

"జబ్బు నాకు, చిక్కిపోయింది మా ఆవిడ. గాజులు మోచేతి దాకా వెళ్లిపోయేవి. ఇప్పుడిప్పుడే కాస్త కోలుకుంది. మళ్లీ ఏదో ఉందని ఆవిడతో చెప్పే నోరు నాకు లేదు మేడం. తెలీకపోతే చెప్పక్కర్లేదు కదా."

ఒంట్లో బాగానే ఉండటం అన్నది కొట్టేసి ఇతర కారణాల్లో వేశాను. ఫోన్ పెట్టేముందు అతనే నాకు థాంక్స్ చెప్పాడు. నేనేం చేశానని.

ఫిబ్రవరి 20

తాళాలు బాగుచేసే పెద్దాయన. ఆయన కోసం కూతురు ఉద్యోగం మానేసిందట. ఇప్పుడు మళ్లీ ఎక్కడో చేరిందట. "కుదురుకుంటోందమ్మా పిల్ల. ఇప్పుడు కదపకూడదు" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఆయనా ఊరుకున్నాడు. చివరికి, "పనిచేస్తున్న తాళాన్ని విప్పి చూడకూడదు. మా పనిలో మొదట నేర్పేది అదే" అని నవ్వాడు.

ఇదీ ఇతర కారణాల్లోనే.

ఫిబ్రవరి 27

ఇతర కారణాల గడి నిండిపోతోంది. లెక్కలాయనకు చిరాకుగా ఉంది. మేం తెచ్చిన జవాబులను అంకెలుగా మార్చేది ఆయనే. నవ్వడు, నవ్వించడు, ఉన్నది ఉన్నట్టు అంటాడు.

"ఇతరం అంటే చెత్తబుట్ట మేడం. అక్కడక్కడా ఓ కాగితం పడాలి. బుట్టే నిండిపోయిందంటే ప్రశ్నలోనే ఏదో తప్పుంది" అన్నాడు.

ప్రశ్నలో తప్పేమీ లేదన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

మార్చి 1

తీరిక లేదు.

మార్చి 5

ఒంట్లో బాగానే ఉంది. ఆఫీసు మెట్లు ఆగకుండా ఎక్కాను.

మార్చి 8

ఇవాళ ఆస్పత్రికి ఫోన్ చేసి తేదీ తీసుకుందామనుకుని మరచిపోయాను.

మార్చి 10

అసలు ఆ ఆస్పత్రి దూరం. రెండు బస్సులు మారాలి.

మార్చి 13

అక్టోబర్ రోజు సంగతి ఎక్కడా రాసుకోలేదు. రాసుకుంటాను.

షాపు మూసి రావద్దని మా ఆయనకు చెప్పి ఒక్కదాన్నే బయల్దేరాను. ఆస్పత్రి గేటు దాకా వెళ్లాను. ఎదురుగా చెప్పుల దుకాణం ఉంది. అందులోకి వెళ్లాను. ఒకటి తర్వాత ఒకటి తొడుక్కుని చూశాను. నా వంతు దాటిపోయేదాకా చూసి, ఒక జత కొనుక్కుని ఇంటికి వచ్చేశాను. "అంతా బాగానే ఉందా?" అన్నారు మా ఆయన. బాగానే ఉందన్నాను. ఆయన నా కాళ్లకేసి చూసి, "చెప్పులు బాగున్నాయి" అన్నారు.

ఆయనది కళ్లజోళ్ల షాపు. ఆ ఎనిమిది నెలల్లో నా మొహం చిక్కుతున్నకొద్దీ నా కళ్లజోడు ముక్కు మీద నుంచి జారిపోయేది. ప్రతిసారీ ఆయన రాత్రి అన్నానికి ముందు దాన్ని తీసుకుని, కాస్త వేడిచేసి, కాడలు వంచి, మళ్లీ చెవులకు పెట్టి చూసేవారు. మొహం నిండటం మొదలయ్యాక అలాగే కొంచెం కొంచెం వదులు చేశారు. ఒక్కరోజు కూడా ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం కాడ వంచుతుంటే విరిగిపోయింది. ఇంకోటి చేద్దాంలే అని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. ఇంత మంచి మనిషి నాకు దొరికాడు. ఇవాళ కూడా కళ్లజోడు తుడిచి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. అందుకే ఇన్ని అక్షరాలు కనబడుతున్నాయి.

మార్చి 18

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఫోన్లు చేసే ఇద్దరు జ్వరాలతో రాలేదు. లెక్కలాయన తనే ఫోన్ దగ్గర కూర్చుంటానన్నాడు. ఒక ఆస్పత్రి ఆలస్యంగా పంపిన నంబర్లకు ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు. అది నేను వైద్యం చేయించుకున్న ఆస్పత్రే, ఆ సంగతి నాకు తెలుసు. మా ఆఫీసువాళ్ల నంబర్లు ఉంటే ముందే తీసేయాలన్న నియమం కూడా నేనే రాశాను. తీసేయాల్సిన నంబరు నాదొకటి ఉందని తట్టనే లేదు. అవి చెకప్‌లు మానేసినవాళ్ల నంబర్లు. నేను మానెయ్యలేదు. వాయిదా వేశాను. అలాగే అనుకుంటూ వచ్చాను, ఒట్టు.

మధ్యాహ్నం నా సంచిలో ఫోన్ మోగింది. తీసి చూస్తే మా ఆఫీసు నంబరే. తలెత్తాను. బల్లకు అవతల లెక్కలాయన, చెవి దగ్గర ఫోన్. నా చేతిలో మోగుతున్న ఫోన్‌కేసి చూశాడు. తెర మీది నంబరు చూసుకున్నాడు. మళ్లీ నాకేసి చూశాడు.

పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. అవతలివాళ్లు పెట్టకుండా మనం పెట్టకూడదు మరి. ఇంకెవరైనా అయితే నవ్వేసి ఊరుకునేవాళ్లు. ఎందుకు ఎత్తానో తెలియదు, ఎత్తాను.

"నమస్కారమండి. మీ ఆరోగ్యం గురించి కొన్ని ప్రశ్నలు అడగడానికి ఫోన్ చేస్తున్నాం. ఇప్పుడు మాట్లాడటానికి మీకు వీలవుతుందా?" అన్నాడు. గొంతు ఒకసారి ఎదురుగా, ఒకసారి చెవిలో వినబడింది.

"వీలవుతుంది."

"ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయవచ్చు."

"తెలుసు. రాసింది నేనే కదా."

"అది జవాబు కాదండి. సరే అనైనా అనాలి, వద్దనైనా అనాలి."

"సరే."

నిద్ర పడుతోందా అని అడిగాడు. అలసట ఉందా అని అడిగాడు. వైద్యం సమయంలో మిమ్మల్ని ఎవరు చూసుకున్నారు అని అడిగాడు. అన్నిటికీ బుద్ధిగా చెప్పాను. ఆ తర్వాత, "అక్టోబర్‌లో మీకు ఉన్న చెకప్‌కు మీరు రాలేదని ఇక్కడ ఉంది. రాకపోవడానికి కారణం ఏమిటి?" అన్నాడు.

అని ఊరుకున్నాడు.

తీరిక లేదని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన బల్ల మీద ఒక్కో వేలూ ఆనిస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు. పది వేళ్లూ అయిపోయాయి. మళ్లీ మొదటి వేలికి వచ్చాడు. ఇరవై అంటే ఎంతసేపో నాకు ఇంతకుముందు తెలియదు. నేనెప్పుడూ ఇటువైపు కూర్చోలేదు.

"మళ్లీ వచ్చిందని తేలితే వదిన మళ్లీ తాళం వేసుకుని వచ్చేస్తుంది" అన్నాను. "నడుము వంగదు ఆమెకు. అయినా వస్తుంది. వద్దంటే వినదు. నా బకెట్లు మళ్లీ ఆమె చేత మోయించలేను. మా ఆయన చేత మళ్లీ ఆ కాడలు వంపించలేను. ఒకసారి చేశారు. అది నెత్తిన పెట్టుకున్నాను. రెండోసారి చేయమనే మొహం నాకు లేదు."

లెక్కలాయన టైప్ చేసుకున్నాడు. "దీనికి గడి లేదండి. ఇతర కారణాల్లో వేస్తున్నాను" అన్నాడు. "మీ సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు."

నేను పెట్టేదాకా ఆగి, అప్పుడు పెట్టాడు. లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు ఉంచాడు.

"ఫోన్‌లో ఉండగా సలహా ఇవ్వకూడదు. ఇప్పుడు పెట్టేశాం కదా, ఒకటి చెప్పొచ్చా మేడం?"

"చెప్పండి."

"ఇంట్లోవాళ్లకు మళ్లీ భారం కాలేమని ఇంతమంది చెప్పారు. వాళ్లకు భారంగా ఉందని వీళ్లకు ఎవరు చెప్పారు? ఇంట్లోవాళ్లను మనం ఒక్కరిని కూడా అడగలేదు. మన దగ్గర సగం లెక్కే ఉంది. సగం లెక్కతో నేనైతే ఏదీ తేల్చను."

నీళ్లు తాగాను. చన్నీళ్లు. అంత రుచిగా ఉన్న నీళ్లు ఈమధ్య తాగలేదు.

మార్చి 19

మా ఆయనకు చెప్పేశాను. చెప్పుల దుకాణంతో సహా.

నా కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. "అప్పుడే అనుకున్నాను. ఆస్పత్రికి వెళ్లొచ్చినరోజు నీకు చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండదు. కొత్తవి కొనడం ఎక్కడిది" అన్నారు.

"మరి అడగలేదేం?"

"అడిగితే నీ చేత ఇంకో అబద్ధం చెప్పించినవాణ్ణవుతాను. ఎన్నాళ్లని మోస్తావులే, దించుతావు అనుకున్నాను. దించేదాకా ఊరుకోవడం తప్పే. నాకూ భయంగానే ఉంది."

ఇద్దరం కాసేపు ఏడ్చాం. తుడిచిన కళ్లజోడు మళ్లీ తుడవాల్సి వచ్చింది.

"అక్కకు మాత్రం నువ్వే చెప్పుకో. ఆ మైకు నేను తట్టుకోలేను" అన్నారు.

మార్చి 22

వదిన వచ్చింది. నిన్న ఫోన్‌లో అంతా చెప్పాను. ఒక్క మాట కూడా అనకుండా పెట్టేసింది. తెల్లారేసరికి మొదటి రైలుకు దిగింది. నడుముకు పట్టీ, చేతిలో సంచి.

ఇంట్లో అడుగుపెడుతూనే అందుకుంది. "ఊళ్లోవాళ్లందరికీ ఫోన్లు చేసి బాబూ నీకేం కష్టం, తల్లీ నీకేం కష్టం అని అడుగుతావు. అది నీ ఉద్యోగం. నన్నడిగావా ఒక్కరోజు? చాకిరీ అని నీకు నువ్వే అనుకున్నావు. నేను మళ్లీ రాకూడదని కూడా నువ్వే తేల్చుకున్నావు. ఇంట్లో నా మాటకు విలువ లేదన్నమాట."

మా ఆయన షాపు తాళాలు తీసుకుని పిల్లిలా జారుకున్నారు.

వదినను కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురుగా కూర్చున్నాను.

"నమస్కారమండి. మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. ఇష్టం లేకపోతే జవాబు చెప్పక్కర్లేదు."

"ఏంటా అండీ గిండీ?"

"నాకు చేసిన ఆ ఎనిమిది నెలలు మీకు ఎలా గడిచాయి?"

అడిగి ఊరుకున్నాను. ఇరవై దాకా ఉండగలనని నమ్మకం లేదు. వదిన కూడా ఊరుకుంది. నేను కాపురానికి వచ్చాక ఆమె నోరు అంతసేపు మూతపడగా చూడటం ఇదే మొదటిసారి. ఇరవై దాటిపోయింది. లెక్క ఆపేశాను.

"నడుం విరిగింది. అబద్ధమెందుకు" అంది చివరికి. గొంతు చాలా చిన్నగా ఉంది, ఆమెకు అలాంటి గొంతు ఉందని నాకు తెలియదు. "బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి. ఈ పిల్ల దక్కుతుందా అని. మా తమ్ముడి మొహం చూడలేక.

"కానీ ఒకటి చెప్పనా. ముప్పై ఏళ్లు మైకులో మాట్లాడాను. ఎవరు విన్నారో తెలీదు. వినాల్సినవాడు వినకుండా పరుగెత్తడం, రైలు పోయాక వచ్చి నన్ను తిట్టడం, అదే చూశాను. మీ ఇంట్లో నేను మాత్ర వేళయిందంటే ఒక మనిషి లేచి కూర్చుని వేసుకుంది. నేను తినమంటే తింది. నేను నవ్వించాలని చూస్తే వాంతి చేసుకుంటూ కూడా నవ్వింది. రోజురోజుకీ నా కళ్ల ముందే లేచి నిలబడింది. తర్వాత మా ఇంటికెళ్లి తాళం తీశానా, మాత్ర వేళకు నోరు తెరిచాను. ఎవరూ లేరు. ఆ రోజు కూడా ఏడ్చాను. అది నువ్వు అడగలేదు."

ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే తీసుకున్నాననుకున్నాను.

"లే, నడుం నొప్పి నాకు" అంది కాసేపటికి.

మార్చి 25

ఆస్పత్రికి వెళ్లాం. ముగ్గురం. పరీక్షలన్నీ అయ్యాయి. రెండు బస్సులు అక్కర్లేదు, ఒకటే బస్సు నేరుగా వెళ్తుంది.

లోపల నర్సు పిలిచేది ఎవరికీ వినబడటం లేదు. జనం ఒకరినొకరు అడుగుతున్నారు. వదిన రెండు పిలుపులు ఓర్చుకుంది. మూడో పిలుపుకు లేచి నిలబడి తను అందుకుంది. ఆ తర్వాత ఎవరి వంతూ తప్పలేదు. వెళ్లేటప్పుడు నర్సు, మళ్లీ ఎప్పుడొస్తారని నన్ను కాదు, ఆమెను అడిగింది.

ఫలితం శుక్రవారం.

మార్చి 26

భయం.

ఆ గడిలో కూడా టిక్కు పెట్టుకోవాలి నేను. ఇవాళ పెట్టుకున్నాను.

మార్చి 27

భయం. వదిన పక్కనే పడుకుంది. గురక. ఆ గురక వింటే ధైర్యంగా ఉంది.

మార్చి 28

ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు.

డాక్టరు ఆ మాట అన్నాక కూడా ముగ్గురం కుర్చీల్లోంచి లేవలేదు. "ఇంకేమైనా అడగాలా?" అన్నాడాయన పాపం. మళ్లీ సెప్టెంబర్‌లో రమ్మన్నాడు. బయటికి వచ్చాక మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయారు. వదిన ఆయన వీపు రాస్తూ ఉండిపోయింది. ప్రకటన చేయమన్నాను. చేయలేకపోయింది.

సాయంత్రం ఆమె రైలెక్కింది.

ఏప్రిల్ 7

మా డైరెక్టరు ఒప్పుకున్నారు. ఇంట్లోవాళ్లను కూడా అడగబోతున్నాం, అయితే వైద్యం చేయించుకున్న మనిషి సరేనంటేనే. మొదటి ఫోన్ బస్సు డ్రైవరుకు చేశాను. మీ ఆవిడతో మాట్లాడవచ్చా అన్నాను.

"అడగండి మేడం. ఏమంటుందో నాకూ వినాలనుంది" అని ఫోన్ ఆవిడకు ఇచ్చాడు.

ఆయన్ని చూసుకున్న రోజులు మీకు ఎలా గడిచాయండీ అని అడిగాను. లెక్కపెట్టుకున్నాను. పదిహేడు దగ్గర, "ఆయన చెకప్‌కు ఎందుకు వెళ్లట్లేదో మీకేమైనా చెప్పారామ్మా?" అంది. "నాతో చెప్పరు. నేను రోజూ పొద్దున ఆయన లేచేదాకా చూస్తూ కూర్చుంటాను."

పక్క నుంచి డ్రైవరు గొంతు వినబడింది. "అదేంటే, నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నన్ను మరచిపోయారు. వాళ్లు పెట్టకుండా నేను పెట్టకూడదు కాబట్టి ఫోన్ బల్ల మీద బోర్లించి బయటికి వెళ్లి నిలబడ్డాను. లెక్కలాయన కూడా లేచి వచ్చాడు. ఆయన నవ్వడం చూశాను. ఇది రాసిపెట్టుకోవాల్సిన సంగతే.

ఏప్రిల్ 8

సెప్టెంబర్ తేదీ వచ్చింది. వదినకు ఫోన్ చేశాను.

రెండేళ్ల కిందట ఆమెను ఎవరూ పిలవలేదు. తనే వచ్చింది. మొన్న కూడా తనే వచ్చింది. ఆలోచిస్తే, ఆమెను రమ్మని నా నోటితో నేను ఎప్పుడూ అనలేదు. ఫోన్ పట్టుకుని కాసేపు గొంతు సవరించుకున్నాను.

"దయచేసి వినండి" అన్నాను. "సెప్టెంబర్‌లో నాకు చెకప్ ఉంది. ఏమొస్తుందో తెలియదు. మీరు రావాలి వదినా. మీరు లేకుండా నేను వెళ్లలేను."

అవతల చప్పుడు లేదు. అలవాటైపోయింది, లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. తొమ్మిది దగ్గర ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది.

"నా రైలు వచ్చేసరికి ఏ ప్లాట్‌ఫారమ్ మీద నిలబడతావు?" అని అడిగింది వదిన.